ఉచితము కాదు, ఉమ్మడి

(భిలాయి, వైశాలి నగర్‌లో జరిగిన తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనమున చేసిన ప్రసంగము)



మన కార్యదర్శిగారు నన్ను మాటాడుమని కోరినప్పుడు నేనేదో కావ్యమును గూర్చి చెప్పుదునని తలచియుందురు. నేను చదివినది బి.ఏ.; చేయునది సచివాలయమున ఫైళ్ల పని. ఇంజనీరును కాను. అట్టివాడు ఇంజనీర్లకు నిలయమైన ఈ భిలాయిలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును గూర్చి మాటాడుట సాహసమని కొందరికి తోచవచ్చును. కాని బావి త్రవ్వుట తెలియనివానికి కూడ నీటి రుచి తెలియును. అనేక సంవత్సరములుగా ఇంటిలోను, చేతనైనంతవరకు బయటను ఈ సాఫ్ట్‌వేరును వాడుచున్నాను. నలుగురిచేత వాడించుచున్నాను. ఆ అనుభవమునే ఈనాడు మీ ముందుంచెదను.

ముందుగా ఈ ఓపెన్ సోర్స్ అనగా ఏమో చెప్పవలెను. మనమందరము ప్రభుత్వోద్యోగులము గనుక ఫైలు ఉపమానము చాలును. ఒక ఉత్తర్వు వెలువడినది. దానిపై సంతకము, తేదీ ఉండును. అది ఎట్లు పుట్టినదో, ఎవరేమని నోటు వ్రాసిరో, ఎవరు అభ్యంతరము చెప్పిరో, ఏ నిబంధనను ఆధారముగా చూపిరో ఉత్తర్వును చూచినంతమాత్రమున తెలియదు. అదంతయు నోట్ షీట్లలో ఉండును. ఫైలు చేతిలోనున్న గుమాస్తా పదేండ్ల తరువాతనైనను ఉత్తర్వులోని లోపమును పట్టి సవరణకు పెట్టగలడు. ఉత్తర్వు నకలు మాత్రమే ఉన్నవాడు దానిని పాటింపగలడు. అంతకుమించి ఏమియు చేయలేడు.

కంప్యూటరులో నడచు ప్రోగ్రాము ఆ ఉత్తర్వువంటిది. మనుష్యులు చదువుటకు వీలుగా ప్రోగ్రామర్లు వ్రాసిన మూలపాఠము, అనగా సోర్స్ కోడు, నోట్ షీట్ల వంటిది. చాల సంస్థలు ఉత్తర్వును అమ్మి నోట్ షీట్లను బీరువాలో దాచుకొనును. ఓపెన్ సోర్స్‌వారు ఫైలునంతటిని మన చేతిలో పెట్టుదురు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను సాధనమున ప్రతి మార్పునకును చేసినవాని పేరు, తేదీ, కారణము నమోదగును. దానిని మొదట చూచినప్పుడు, మన పూర్వపు సెక్షన్ ఆఫీసర్లు చూచినచో సంతోషింతురుగదా యనిపించినది.

ఈ ఊరివారికి ఇంకొక ఉపమానము కూడ చెప్పవచ్చును. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందముతో మన ఉక్కు కర్మాగారమునకు పునాది పడినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. 10 లక్షల టన్నుల సామర్థ్యముతో మొదలైనది, 25 లక్షలకు, పిమ్మట 40 లక్షలకు పెరిగినది. యంత్రమును కొన్నంతమాత్రమున ఇది జరుగదు. యంత్రమును విప్పి చూచి, డ్రాయింగు చదివి, విడిభాగమును మన షాపులోనే చేసికొనగల చేతులు తయారైన నాడే యంత్రము మనదగును. ఈ మాట మీలో చాలమంది తండ్రులు తమ చేతులతో ఋజువు చేసినదే.

సాఫ్ట్‌వేరు విషయమున ఈ పట్టుదల ఎట్లు పుట్టినదో చెప్పెదను. 1980 ప్రాంతమున అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్మన్ గారికి ఒక ప్రింటరుతో చిక్కు వచ్చినది. కాగితము ఇరుక్కొన్నప్పుడెల్ల ఆ సంగతి వాడుకరికి తెలియజేయునట్లు పాత ప్రింటరు ప్రోగ్రామును వారు మార్చుకొనియుండిరి. కొత్త ప్రింటరు ప్రోగ్రాముకు మూలపాఠము దొరకలేదు. అది ఉన్న మరొకరిని అడుగగా, ఈయనని ఒప్పందము వ్రాసితినని వారు నిరాకరించిరి. 1983 సెప్టెంబరు 27న స్టాల్మన్ గారు గ్నూ అను ఉద్యమమును ప్రకటించిరి. 1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, అప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడైన టోర్వాల్డ్స్, తాను వ్రాయుచున్న లినక్సును గూర్చి లోకమునకు తెలిపెను. ఈ రెండు ఏరులు కలిసి నేడు మహానదియైనవి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనున అడుగున నడచునది లినక్సే.

స్టాల్మన్ గారు కోరిన స్వేచ్ఛలు నాలుగు. ప్రోగ్రామును ఏ పనికైనను నడుపుకొనుట, అదెట్లు పనిచేయునో చదివి మార్చుకొనుట, నకళ్లు పంచుట, మార్చిన కూర్పును సహితము పంచుట. ఇంగ్లీషున ‘ఫ్రీ’ అను ఒక్క మాటకు వెల లేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములుండుటచే వారికి వివరించి చెప్పక తప్పలేదు. 1998లో ‘ఓపెన్ సోర్స్’ అను రెండవ పేరు వచ్చుటకు ఈ తికమక కూడ ఒక కారణము. తెలుగున ఆ ఇబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. నేను ఇంకొక మాట చేర్చెదను: ఉమ్మడి. 1989లో వెలువడిన గ్నూ లైసెన్సు చెప్పు నియమము ఇదియే. నీవు పొందిన స్వేచ్ఛను నీవద్ద పొందినవానికి కూడ ఈయవలెను; మధ్యలో గోడ కట్టరాదు.

మన పల్లెలలో దీనికి పాత పోలిక కలదు. కుడిమరామత్తు అను మాట పెద్దలు వినియుందురు. ఊరి చెరువు నీటితో పంట పండించుకొను ప్రతి రైతును ఏటేట పూడిక తీయుటకు, గట్టు వేయుటకు మనిషిని పంపవలెను. అది ఆచారము. 1858లో మద్రాసు ప్రభుత్వము ఈ చాకిరికి చట్టమును సహితము చేసినది. నీటికి వెల లేదు. కాని పూడిక తీయుట అందరి పని. ఆ రెండవ భాగమును మరచిన ఊళ్లలో చెరువులు మైదానములైనవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును గూర్చి నేను చెప్పదలచిన సారాంశమంతయు ఇందులోనే ఉన్నది.

దీనితో మనకు, అనగా ఆంధ్రదేశమునకు దూరముగా ఉన్న తెలుగువారికి, ఏమి పని యని అడుగుదురేమో. మన పెద్దలు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి ఇచ్చటికి పని వెదకికొని వచ్చిరి. పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లీషు చదివిరి. మనుమలు తెలుగు మాటాడుదురు గాని చదువలేరు. పుస్తకములు చేరని చోట ఈనాడు తెలుగు అక్షరము కంటికి కనబడునది ఎక్కువగా ఫోనులోను, కంప్యూటరులోను మాత్రమే. ఆ అక్షరము అచ్చట ఎట్లు నిలిచినదో మనము తెలిసికొనవలెను. అది వర్తకుల లాభముచేత మాత్రమే నిలిచినది కాదు.

1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగునకు చోటు దొరకినది. కాని చోటు దొరకుట వేరు, ఇల్లు కట్టుట వేరు. రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. అదియే ఆర్.టి.ఎస్. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన అను పేర్లతో రెండు యూనికోడు ఖతులను గీచి లోకమునకిచ్చిరి. వెన్న నాగార్జున గారు వార్తాపత్రికల సొంత ఖతులను యూనికోడులోనికి మార్చు ‘పద్మ’ అను సాధనమును నిర్మించిరి. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినది కూడ వారే. నేడందులో లక్షకు పైబడి వ్యాసములున్నవి. వీవెన్ గారి ‘లేఖిని’ ఎందరికో తొలి తెలుగు పలక యైనది. 2005లో హైదరాబాదున మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ విద్యార్థులను కూర్చి కంప్యూటరుచేత తెలుగు పలికించుటకు పూనుకొన్నది. వీరు జీతమునకు చేసిన పని కాదిది. పగలు ఉద్యోగము చేసికొని, రాత్రి నిద్ర తగ్గించుకొని చేసిన పని.

ఈ పని మన ఇంటి గుమ్మమువరకు ఎట్లు వచ్చినదో ఒక్క ఉదాహరణముచే చెప్పెదను.

మన సంఘపు పాత సంచికలలో ఒకదానిని పూర్వము డి.టి.పి. చేయించి దాచియుంచిరి. అచ్చు ప్రతులు చెదలపాలైనవి. మిగిలినది ఒక డిస్కు. ఆ సంచికలో 1960లలో ఇచ్చటికి వచ్చి స్థిరపడిన పెద్దలొకరు తమ వలసకథ వ్రాసియుండిరి. వారిప్పుడు లేరు. వారి కుమార్తె వచ్చి ఆ వ్యాసమును తీసి ఇమ్మనిరి. డిస్కు తెరచితిమి, ఫైలు ఉన్నది, కాని తెరమీద కనబడినవి తెలుగక్షరములు కావు, ఇంగ్లీషక్షరములు, గీతలు, చుక్కలు. ఆమె కొంతసేపు చూచి, “అన్నయ్యగారూ, నాన్నగారు రాసింది ఇదేనా?” అని అడిగిరి.

కారణము స్పష్టమే. యూనికోడు వాడుకలోనికి రాకముందు ఒక్కొక్క ఖతి తయారీదారు తనకు తోచిన చోట తెలుగు ముక్కలను ఉంచుకొనెను. ఇంగ్లీషక్షరపు స్థానమున తలకట్టు, మరియొక గుర్తు స్థానమున వత్తు. ఆ ఖతి ఉన్నచో తెలుగు, లేనిచో చెత్త. ఆ ఖతి నడచిన యంత్రము ఎన్నడో పాడైనది. అమ్మినవారి చిరునామా కూడ మిగులలేదు. తండ్రి వ్రాత ఉన్నది, తాళముచెవి లేదు.

వైశాలి నగర్‌లోనే ఉండు ఒక కళాశాల విద్యార్థి ఈ సంగతి విని ‘పద్మ’ మూలపాఠమును తెచ్చి చదివెను. ఫైర్‌ఫాక్సు 2017లో పాతపద్ధతి అనుబంధములను నిలిపివేయుటచే ‘పద్మ’ ఆ రూపమున నడచుట లేదు. పైగా అది మార్చు ఖతులలో మా ఖతి లేదు. ఐనను మూలపాఠము మిగిలియున్నది గనుక ఆ పని ఎట్లు చేయవలెనో అందు కనబడుచున్నది. “మావయ్యగారూ, ఇది ఎక్కాల పట్టిక లాంటిదే. ఈ గుర్తుకి ఈ అక్షరం అని రాసుకుంటూ పోవడమే” అని అబ్బాయి అనెను. నేను, నా భార్య, ఇరుగుపొరుగు గృహిణులు ఇద్దరు కలిసి ఒక పాత అచ్చుకాగితమును ముందుంచుకొని పట్టిక తయారుచేసితిమి. కంప్యూటరు తెలియనివారికిని తెలుగు తెలియును గదా! మొదటిసారి ఫలితము నవ్వు తెప్పించినది. పాతఖతిలో రవత్తు అక్షరమునకు ముందు వ్రాయబడినది. యూనికోడులో అది తరువాత రావలెను. అందుచే ప్రతి ‘ప్ర’యు విరిగి, ‘ప్రభుత్వము’ ఎచ్చటను నిలువలేదు! అబ్బాయి ఆ వరుసను సరిచేసెను. నాలుగు ఆదివారములకు వ్యాసము తెలుగైనది. దుర్గ్ స్టేషనులో ఇనుప పెట్టెతో దిగుట, భాష తెలియక సైగలతో అద్దెగది అడుగుట, మొదటి జీతమున ఇంటికి పంపిన మనియార్డరు: ఇవన్నియు అందులో ఉన్నవి. ఆ సోదరి దానిని తన పిల్లలకు చదివి వినిపించిరి.

మూలపాఠము మూయబడియుండినచో ఆ ప్రోగ్రాము ఆగిననాడే దాని విద్య కూడ ఆగిపోయెడిది. తెరచియుండుటచే, ఎన్నడును చూడని ఒకరి శ్రమ ఇంకొక ఊరిలో, వారికి తెలియని ఒక కుటుంబమునకు అక్కరకు వచ్చినది. స్వేచ్ఛ అనగా పెద్ద మాటగా తోచును. మాకది ఆ పట్టికలో చిన్న చేర్పుగా కనబడినది.

ఇంతమాత్రమున అంతయు సుఖమేయని చెప్పుట న్యాయము కాదు. నిత్యజీవితమున కష్టములున్నవి. లిబ్రెఆఫీసులో వ్రాసిన ఉత్తరము మరొక కార్యాలయమున వేరొక ప్రోగ్రాములో తెరచినప్పుడు అంచులు జరుగును. పట్టిక గడులు క్రిందికి దిగును. కొన్ని ప్రింటర్లకు, సంతకపు టోకెన్లకు తయారీదారులు లినక్సు డ్రైవరును ఈయరు. తెలుగు అక్షరదోషములు చూచు సాధనము మన సంధులను, విభక్తులను మ్రింగలేక సరియైన మాట క్రింద కూడ ఎఱ్ఱగీత గీయును. ‘ఊరికెళ్లాలనుకుంటున్నామంటే’ అను ఒక్క మాటలో ఎన్ని మాటలున్నవో పాపము దానికేమి తెలియును! టెలిఫోను చేసి కోపగించుటకు ఇందొక కంపెనీ లేదు. ఓర్పు కావలెను.

ఐనను లాభము తూచినచో త్రాసు ఇటే మొగ్గుచున్నది. మా వీధిలో పదవీవిరమణ చేసిన ఫోర్‌మన్ గారొకరున్నారు. పెద్ద వాడుకలోనున్న ఒక కంప్యూటరు వ్యవస్థకు దాని తయారీదారులు 2025 అక్టోబరున మామూలు మద్దతు ముగించిరి. కొత్త కూర్పు ఆయన పాత యంత్రమున ఎక్కదు. దానిని తుక్కునకు వేయవలసినదేనా యని అడిగిరి. “ఇనుము సంగతి నాకు తెలుసు బాబూ, ఇంకా అరగలేదిది” అనిరి. ఒక మధ్యాహ్నము కూర్చుండి అందు లినక్సు ఎక్కించితిమి. ఆయన ఇప్పుడు దానిమీదనే పెన్షను లెక్క చూచుకొనుచున్నారు. వికీపీడియాలో తమ ఊరి పేజీ చదువుచున్నారు. మెనూలలో తెలుగు పెట్టగా ‘ఫైలు’ చోట ‘దస్త్రం’ అనియు, ‘సేవ్’ చోట ‘భద్రపరచు’ అనియు కనబడినది. “దస్త్రమా! మా తాత కరణంగారి దగ్గర విన్న మాట” అని మురిసిరి. ఎవరో తెలుగు యువకులు కూర్చుండి వేలకొలది మాటలను ఇట్లు తెనిగించియుండకపోయినచో ఆ మురిపెము లేదు.

ఇచ్చట 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి చెప్పవలెను. ‘జ్ఞా’ అను మన అక్షరము ఒకానొక కూర్పుతో సందేశమున వచ్చినచో ఐఫోనులలోని సందేశపు ప్రోగ్రాములు కూలిపోవుచున్నవని ప్రపంచమంతట వార్త పుట్టినది. జ్ఞానమునకు మొదటి అక్షరమే ఫోనును పడవేయుట వింతగదా! ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరించిన కూర్పును విడుదల చేసినది, ఆలసింపలేదు. కాని ఆ కొద్ది దినములు తెలుగు తెలిసిన ఇంజనీర్లెందరున్నను బయటివారెవరును చేయి పెట్టుటకు వీలులేదు; వేచియుండుటయే పని. దీనికి భిన్నముగా హార్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా సాధనమున్నది. వత్తును ఎచ్చట వ్రేలాడదీయవలెనో, గుడిని ఎచ్చట చుట్టవలెనో నిర్ణయించి అక్షరములను కూర్చునది అదియే. ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడు, లిబ్రెఆఫీసు దానినే వాడుచున్నవి. అందు తెలుగునకు సంబంధించిన ప్రతి పంక్తిని ఎవరైనను చదువవచ్చును; తప్పు కనబడినచో చూపవచ్చును; దిద్దుబాటును సూచింపవచ్చును. దాని పేరునందలి ‘హర్ఫ్’ అనగా అక్షరమని హిందీ ప్రాంతమున నున్న మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రభుత్వము కూడ ఈ మార్గమును గుర్తించినది. 2015లో కేంద్రప్రభుత్వము ఓపెన్ సోర్స్ వినియోగమునకు ఒక విధానమును ప్రకటించినది. టెండరు పిలిచినప్పుడు ఓపెన్ సోర్స్‌ను కూడ తప్పక పరిశీలింపవలెను. దానిని వదలినచో కారణము చూపవలెను. సి-డాక్ సంస్థ భారతీయభాషలకు అనువుగా ‘బాస్’ అను లినక్సు కూర్పును 2007లోనే విడుదల చేసినది. కాని మనమెరిగినదే: విధానము కాగితముమీద నిలుచుట వేరు, డెస్కుమీద నిలుచుట వేరు. ఒక్క గుమాస్తా ధైర్యముగా వాడి, ప్రక్కవానికి నేర్పినంత మేలు పది సర్క్యులర్లు చేయవు.

ఇక అసలు చెప్పవలసిన మాట. చెరువులో నీరు త్రాగువారెక్కువై పూడిక తీయువారు తక్కువైనచో ఏమగునో లోకము రెండుసార్లు చూచినది. 2014లో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడినది. బ్యాంకులు, కార్యాలయములు, వర్తకులు తమ రహస్యములను కాపాడుకొనుటకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను స్వేచ్ఛా సాధనమును నమ్మియుండిరి. దానికి ఏటికి వచ్చు విరాళములు సుమారు రెండువేల డాలర్లు మాత్రమే యని అప్పుడు తెలిసినది. కోట్లకొలది ధనము దాటు వంతెనకు కావలి మనుష్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు!

రెండవది 2024లో జరిగినది. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును ఒక్కరు చాలకాలము ఒంటరిగా నడుపుచుండిరి. అలసియున్న ఆయనకు సహాయకునిగా వచ్చిన అపరిచితుడొకడు రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, చివరకు అందులో దొంగదారి త్రవ్వెను. అది లోకమంతట వ్యాపింపకముందే ఆండ్రెస్ ఫ్రొయిండ్ అను ఇంజనీరు దానిని పట్టుకొని మార్చి 29న బయటపెట్టెను. ఎట్లు పట్టెననగా, యంత్రములోనికి ప్రవేశించుటకు ఎప్పటికన్న అర సెకను ఎక్కువ పట్టుచున్నదేమని సందేహించెను. సందేహించి ఊరకుండలేదు, మూలము తెరచి చూచెను. ఒంటరివానికి తోడు లేకపోవుట ఈ కథలోని బలహీనత. ఎవరైనను తెరచి చూడగలుగుట ఈ కథలోని బలము. రెండును మనకు పాఠములే.

“మాకు ప్రోగ్రాములు వ్రాయుట రాదు, మేమేమి చేయగలము?” అని మీరడుగవచ్చును. నాకును రాదు. ఐనను పూడిక తీయువారిలో తట్ట మోయువారు కూడ ఉందురు.

మొదటిది, తప్పు కనబడినప్పుడు విసుగుకొని ఊరకుండక దానిని తయారుచేయువారికి వ్రాయుట. ఎట్లు వ్రాయవలెననగా, మంచి నోటు వ్రాసినట్లు: ఏ కూర్పు వాడితిని, ఏమి చేసితిని, ఏమి జరుగవలెను, ఏమి జరిగినది. “పనిచేయుట లేదు” అను ఒక్క వాక్యము ఎవరికిని పనికిరాదు. ఒక ఖతిలో ఒక జంటవత్తు పైపంక్తి మాటను తాకుచుండగా నేనిట్లు వ్రాసి ఒక బొమ్మ జతపరచితిని. కొన్నాళ్లకు వచ్చిన కొత్త కూర్పులో అది సరియైనది. ఆ ఖతిని వాడు ప్రతి తెలుగువాని కన్నును ఆ చిన్న దిద్దుబాటు వలన సుఖపడినది.

రెండవది, తెలుగు మాటలు. తెనుగించువారు ఎక్కువగా యువకులు. సాంకేతికము వారికి తెలియును, నుడికారము మీకు తెలియును. మెనూలలో బిగిసిన మాట కనబడినచో సులువైన మాట సూచింపుడు. మన ఇండ్లలోని అమ్మల మాట నిఘంటువులలోని మాటకన్న చాలచోట్ల చక్కగా అతుకును.

మూడవది, గొంతు. మొజిల్లావారు 2017లో ఆరంభించిన కామన్ వాయిస్ అను సేకరణలో ప్రజలు తమ గొంతుతో వాక్యములు చదివి ఇత్తురు. ఆ ధ్వనులను ఎవరైనను వాడుకొనవచ్చును. తెలుగునకు కూడ అందు చోటున్నది. యంత్రములు మనుష్యుల మాట విని వ్రాయు కాలమిది. అవి వినినది ఒక్క మహానగరపు తెలుగే ఐనచో, శ్రీకాకుళపు యాసలో హిందీ కలిపి మాటాడు మన భిలాయి అవ్వ మాట వానికి అర్థము కాదు. మన పలుకు అందు చేరవలెననిన మనమే పలుకవలెను.

నాలుగవది, నేర్పుట. ఐదవది, శక్తికొలది ధనము. సినిమా టిక్కెట్టు వెలంత ఏడాది కొకసారి పంపినను చాలును. ఉచితముగా దొరకినదానికి డబ్బేమిటని అనుకొనవలదు. చెరువు గట్టుకు వేసిన తట్టెడు మన్ను అది.

చివరగా మన సంఘమునకు మూడు మనవులు. ఇకమీద మన సంచికలను, మినిట్సు పుస్తకములను, సభ్యుల పట్టికలను యూనికోడులోనే కూర్చవలెను. మండలి, రామభద్ర, గురజాడ మొదలైన ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో దొరకుచున్నవి, సొగసునకు లోటులేదు. ఫైళ్లను 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ రూపమున భద్రపరచవలెను. పాత సంచికలలో మిగిలిన ప్రతులను స్కాను చేసి, టెసరాక్ట్ అను స్వేచ్ఛా సాధనముతో అక్షరములుగా మార్చవలెను. అది తెలుగు చదువును గాని తప్పులు చదువును. దిద్దుటకు మనుష్యులు కావలెను. ఆ దిద్దుబాటు పని మన పిల్లలచేత, పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టి, చేయించుదము. తాత చదివి వినిపించును, మనుమడు మీట నొక్కును. సంచికయు బ్రతుకును, వాని చేతికి అక్షరములును అబ్బును. మన ఊరిలో తెలుగు బడికి ఇంతకన్న చౌక మార్గము నాకు తోచుట లేదు.

మన భాషకు కోట్లమంది ఉన్నారు గనుక ఎవరో ఒకరు చూచుకొందురని అనుకొనుట సులభము. చెరువులన్నియు అట్లే పూడినవి. ఇచ్చట చేరిన ఇండ్లనుండి ఇంటికొక మనిషి, నెలకొక ఆదివారము వచ్చిన చాలును. వచ్చు నెల మొదటి ఆదివారము సాయంకాలము ఈ హాలులోనే పని ఆరంభింతము. రాగలవారు తమ పేర్లను కార్యదర్శిగారి వద్ద ఇప్పుడే వ్రాయించవలసినదిగా ప్రార్థించుచున్నాను.